కారం అణువుకు ఒక్క ఆకారమే ఉండదు: అపోహలు - వాస్తవాలు

మిర్చియార్డు గుంటూరులోనే ఉంది, పసుపు మార్కెట్టున్న దుగ్గిరాల పక్కనే ఉంది. అందుకే కంప్యూటర్‌లో అణువు ఆకారం లెక్కించడానికి ఉదాహరణలుగా మిరపలోని కారపు పదార్థం క్యాప్సైసిన్‌ని, పసుపులోని కర్క్యుమిన్‌ని తీసుకుంటున్నాం. ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ, ఫార్మసీ విద్యార్థులకు ఇవి చేతికందే అణువులు.

అపోహ: బొమ్మ గీసి మినిమైజ్ (అణువు శక్తిని తగ్గించే మీట) నొక్కితే అసలు ఆకారం వచ్చేస్తుంది.

వాస్తవం: వాననీరు పక్కనున్న పల్లంలోకి జారి ఆగిపోతుంది. ఊళ్లోకెల్లా లోతైన చెరువు ఎక్కడుందో దానికి పట్టదు. మినిమైజేషన్ చేసేదీ అంతే: శక్తి తగ్గే వైపు జారి దగ్గరి పల్లంలోనే ఆగుతుంది. క్యాప్సైసిన్‌లో తేలిగ్గా తిరిగే బంధాలు 9. ఒక్కోటి మూడేసి చోట్ల నిలవగలదనుకుంటే 19,683 ఆకారాలు. కొన్ని బంధాలకు రెండే నెలవులుంటాయి, కొన్ని ఆకారాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అవన్నీ తీసేసినా బోలెడు మిగులుతాయి.

కాబట్టి ఆర్‌డీకిట్‌లో (అణువులతో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ముందు హైడ్రోజన్లు చేర్చండి. ఈ ఒక్కటి మరిచిపోయి జ్యామితి అంతా పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత అందులోని ఈటీకేడీజీ అనే పద్ధతితో 300 కన్ఫార్మర్లు (బంధాలు తిరిగితే వచ్చే వేర్వేరు ఆకారాలు) పుట్టించి, ఎంఎంఎఫ్ఎఫ్94 అనే ఫోర్స్‌ఫీల్డ్‌తో (శక్తిని లెక్కించే సులువు సూత్రాల సమితి) సర్ది, 0.5 ఆంగ్‌స్ట్రామ్ లోపు తేడా ఉన్న నకళ్లను ఏరేయండి. శక్తిలో అన్నిటికంటే అడుగునున్నదానికంటే మోల్‌కి 6 కిలోక్యాలరీల లోపు ఉన్నవాటిని ఎక్స్‌టీబీకి (వేగంగా పనిచేసే క్వాంటం లెక్కల ప్రోగ్రామ్) పంపండి. 49 పరమాణువుల అణువే కాబట్టి దీనికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. చివరికి మిగిలిన కొద్దింటికే డీఎఫ్‌టీ (మరింత కచ్చితమైన, నెమ్మదైన క్వాంటం లెక్క). ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక వెతుకులాటకు మొదటి అంకె) మార్చి మొత్తం మళ్లీ నడపండి. అడుగు ఆకారం మారిపోయిందంటే వెతుకులాట చాలలేదన్నమాట.

ఆ తర్వాత కూడా ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు. 25 డిగ్రీల దగ్గర స్వేచ్ఛాశక్తిలో 1.4 కిలోక్యాలరీల తేడా ఉంటే రెండు ఆకారాల వాటా 10కి 1. తేడా 0.4 అయితే 2కి 1 మాత్రమే. పద్ధతిలోనే ఒక కిలోక్యాలరీ దాకా పొరపాటు ఉండొచ్చు. 0.2 తేడా చూసి గెలుపు ప్రకటించొద్దు.

అపోహ: సరైన రూపాన్ని సాఫ్ట్‌వేరే ఎంచుకుంటుంది.

వాస్తవం: ఎంచుకోదు. కర్క్యుమిన్‌ని డైకీటోన్‌గా (రెండు C=O గుంపులతో) గీస్తే ఫోర్స్‌ఫీల్డ్ దాన్ని డైకీటోన్‌గానే ఉంచుతుంది. స్ఫటికంలో కనిపించేది మాత్రం లోపలి హైడ్రోజన్ బంధంతో బిగుసుకున్న ఈనాల్ రూపం (ఒక C=O కాస్తా OH అయినది). రెండూ గీసి రెండింటినీ లెక్కించాలి. క్యాప్సైసిన్ ద్విబంధం ట్రాన్స్ (రెండు వైపుల గొలుసులు ఎదురెదురు దిక్కుల్లో; ఒకే దిక్కున ఉంటే సిస్). స్మైల్స్‌లో (అణువును అక్షరాల వరుసగా రాసే పద్ధతి) వాలుగీతలు వదిలేస్తే సిస్ రావచ్చు. అది జుకాప్సైసిన్ అనే వేరే పదార్థం. ఎన్‌ఎంఆర్ పరీక్షలో ట్రాన్స్‌కి కప్లింగ్ (ద్విబంధం మీది రెండు హైడ్రోజన్ల సంకేతాల చీలిక) 15 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, సిస్‌కి 11 దగ్గర. అక్కడ సరిచూసుకోండి.

అపోహ: శూన్యంలో వచ్చిన ఆకారమే ద్రావణంలోనూ ఉంటుంది.

వాస్తవం: శూన్యంలో చుట్టూ ద్రావకం లేదు కాబట్టి ధ్రువ భాగాలకు (కొద్దిపాటి విద్యుదావేశమున్న భాగాలకు) ఒకదానికొకటే దిక్కు. అందుకే తోక (క్యాప్సైసిన్‌లోని పొడవాటి కార్బన్ గొలుసు) ముడుచుకున్న ఆకారాలకు లేని బలం కనబడుతుంది. ద్రావకం ప్రభావాన్ని లెక్కలో కలిపే సీపీసీఎం గానీ ఎస్‌ఎండీ గానీ పెట్టండి. డీఎఫ్‌టీలో బీ3లిప్ అనే పద్ధతి వాడితే డీ3 సవరణ (అణుభాగాల మధ్య బలహీన ఆకర్షణను కలిపేది) తప్పనిసరి. అది లేకపోతే తోకకూ రింగుకూ మధ్య ఆకర్షణ లెక్కలోకే రాదు.

అపోహ: జాబ్ ఎర్రర్ లేకుండా ముగిస్తే జవాబు సరైనదే.

వాస్తవం: ఫ్రీక్వెన్సీ లెక్క (అణువు కంపనాల లెక్క) చేసేదాకా నమ్మొద్దు. ఒక్క ఊహాత్మక ఫ్రీక్వెన్సీ (ఆ దిశలో జరిపితే శక్తి ఇంకా తగ్గుతుందనే గుర్తు) ఉన్నా అది పల్లం కాదు. ఒకటే అయితే రెండు పల్లాల మధ్య కనుమ మీద నిలబడ్డట్టు. ఆ కంపన దిశలోనే పరమాణువులను కాస్త జరిపి మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. 10, 20 సెంటీమీటర్ విలోమాల చిన్న విలువైతే తరచూ మిథైల్ తిరుగుడే కారణం. గ్రిడ్‌ని (లెక్క చేసే బిందువుల వల) సన్నం చేసి, ఆప్టిమైజేషన్ హద్దులు బిగిస్తే చాలాసార్లు అదే పోతుంది.