కొలత, సంఖ్య, తూకం: క్రైస్తవ దృక్పథంతో గణిత బోధన వెనుక ఉన్న పాత వాదం

క్రైస్తవ ఉన్నత పాఠశాలలో చరిత్రనో, సాహిత్యాన్నో, జీవశాస్త్రాన్నో బోధించే ఉపాధ్యాయుణ్ని 'మీ పాఠంలో మీ విశ్వాసం ఎక్కడుంది?' అని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పగలడు. అదే ప్రశ్న లెక్కల మాస్టారికి వేస్తే చాలాసార్లు మౌనమే ఎదురవుతుంది. వర్గ సమీకరణానికి మూలాలు కనుక్కునే సూత్రం విశ్వాసికీ అవిశ్వాసికీ ఒక్కటే కదా అన్నది ఆ మౌనం వెనుక ఉన్న మాట. అయినా ఆ ప్రశ్న సమసిపోలేదు. కొందరు ప్రతి అధ్యాయానికీ ఒక బైబిల్ వచనం జోడించి ఊరుకుంటారు, కొందరు గణితపు కచ్చితత్వంలోనే సృష్టికర్త స్వభావం కనిపిస్తుందంటారు, ఇంకొందరు పాఠాన్ని చక్కగా చెప్పడమే క్రైస్తవ బోధన అంటారు. ఈ ముగ్గురి మధ్య తగాదా పైకి బోధనా పద్ధతి గురించినదిగా కనిపించినా దాని అడుగున ఉన్నది ఒకే ప్రశ్న: గణిత సత్యాలు దేవునివా, మనిషి కల్పించుకున్నవా? దీనికి క్రైస్తవ సంప్రదాయం ఏనాడూ ఒకే జవాబు చెప్పలేదు. చెప్పిందనుకోవడం వల్లనే నేటి చర్చ తరచు దారి తప్పుతోంది.

ఈ చర్చలో అందరికంటే ఎక్కువగా వినిపించే వాక్యం 'సొలొమోను జ్ఞానగ్రంథం' 11వ అధ్యాయంలోనిది. దేవుడు సమస్తాన్నీ కొలత, సంఖ్య, తూకం ప్రకారం ఏర్పరచాడని దాని భావం. ఆ గ్రంథం ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల బైబిల్లో లేనే లేదు, కానీ ఆ వాక్యం మాత్రం ప్రొటెస్టెంట్ పండితుల రాతల్లోనూ ధారాళంగా తిరుగుతుంది. దానికి అంత ప్రాచుర్యం తెచ్చినవారిలో ప్రధానుడు ఉత్తర ఆఫ్రికాకు చెందిన బిషప్ అగస్టీన్ (354–430). ఏడూ మూడూ కలిస్తే పది అనే సత్యం నిన్న పుట్టి రేపు పోయేది కాదనీ, ఏ ఒక్కరి మనసుకో చెందినది కాదనీ, అటువంటి మార్పులేని సత్యం ఉందంటే దానికి మార్పులేని ఆధారం ఒకటి ఉండి తీరాలనీ ఆయన వాదించాడు. ఆరు రోజుల్లో సృష్టి జరిగినందుకు కూడా ఆయన లెక్కనే కారణంగా చూపాడు. ఆరుకు కారణాంకాలైన 1, 2, 3లను కూడితే మళ్లీ ఆరే వస్తుంది కనుక అది పరిపూర్ణ సంఖ్య, దేవుడు ఆ పనికి ఆరు రోజులు తీసుకున్నది ఆ సంఖ్య పరిపూర్ణమైనది కనుకనే అన్నాడు. క్రైస్తవులు గణితజ్ఞుల పట్ల జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించినవాడు కూడా ఈయనేనని అప్పుడప్పుడు ఎవరో ఒకరు గుర్తుచేస్తుంటారు. ఆయన వాడిన లాటిన్ మాటకు ఆనాటి వాడుకలో జ్యోతిష్కులనే అర్థం ఉందన్న సంగతి మాత్రం చెప్పరు.

అగస్టీన్ తరువాత వెయ్యేళ్ల పాటు గణితం క్రైస్తవ విద్యలో నిలిచింది తాత్విక కారణాల వల్ల మాత్రమే కాదు, ఒక రోజువారీ అవసరం వల్ల కూడా. రోమన్ పండితుడు బొయీథియస్ ఆరో శతాబ్దపు తొలినాళ్లలో అంకగణితంపై రాసిన లాటిన్ గ్రంథమూ, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అనే నాలుగు విద్యల చట్రమూ మఠాల్లో చదువుకు రూపం ఇచ్చిన మాట నిజమే. కానీ మఠంలో లెక్క వచ్చినవాడు లేకపోతే పండుగే నిలిచిపోయే పరిస్థితి ఈస్టర్ వల్ల వచ్చింది. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నాడు గానీ ఆ తరువాత గానీ వచ్చే పౌర్ణమికి మరుసటి ఆదివారం ఈస్టర్. అంటే సూర్యుడు, చంద్రుడు, వారం అనే మూడు చక్రాలు ఒకచోట కలవాలి. 19 సౌర సంవత్సరాలకు దాదాపు సరిగ్గా 235 చాంద్రమాసాలు పడతాయన్న పాత లెక్కే దీనికి ఆధారం. సంవత్సరానికి 365.25 రోజుల చొప్పున 19 ఏళ్లకు 6,939.75 రోజులు, మాసానికి సుమారు 29.5306 రోజుల చొప్పున 235 మాసాలకు 6,939.69 రోజులు. తేడా గంటన్నర మాత్రమే. ఇంగ్లండ్ సన్యాసి బీడ్ 725లో కాలగణనపై రాసిన గ్రంథం మొదటి అధ్యాయమే వేళ్లతో లెక్కపెట్టడం నేర్పుతుంది. 789లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఆదేశం కీర్తనలు, గానం, వ్యాకరణంతో పాటు ఈ కాలగణనను కూడా పిల్లలకు నేర్పాలని చెప్పింది. క్రైస్తవ గణిత బోధన అనే మాటకు ఇంత సూటి అర్థం మళ్లీ ఎప్పుడైనా దొరికిందా అని నాకు అనుమానమే.

ఆ గంటన్నర తేడా సంగతి అటుంచితే, సంవత్సరానికి 365.25 రోజులన్న అంకెలోనే పొరపాటు ఉంది. అసలు విలువ 365.2422కు దగ్గరగా ఉండటంతో దాదాపు 128 ఏళ్లకు ఒక రోజు చొప్పున జారి, పదహారో శతాబ్దానికి విషువత్తు మార్చి 21 నుంచి 11కు వచ్చింది. దాన్ని సరిదిద్దేందుకు 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 తరువాతి రోజును 15గా ప్రకటించాడు. ఆ సంస్కరణను సమర్థిస్తూ రాసినవారిలో ముఖ్యుడు రోమ్‌లోని జెసూట్ (ఒక క్యాథలిక్ సన్యాస సంఘం) కళాశాలలో గణితం చెప్పిన క్లావియస్. గణితానికి తన సంఘపు పాఠశాలల్లో గౌరవస్థానం కావాలని పట్టుబట్టినవాడూ ఆయనే. 1599 నాటి జెసూట్ విద్యా నియమావళి ప్రాచీన గ్రీకు రేఖాగణితవేత్త యూక్లిడ్‌కు రోజూ సుమారు ముప్పావు గంట కేటాయించింది. క్లావియస్ సంకలనం చేసిన యూక్లిడ్‌నే ఆయన శిష్యుడు మత్తెయో రిచ్చీ 1607లో, చైనా పండితుడు షూ గ్వాంగ్‌చీతో కలిసి, మొదటి ఆరు భాగాల వరకు చైనా భాషలోకి తెచ్చాడు. అవతలి పక్షాన, అంటే ప్రొటెస్టెంట్ల వైపు, లూథర్ సహచరుడు మెలాంక్తన్ విట్టెన్‌బర్గ్‌లో గణితానికి రెండు ఆచార్య పీఠాలు నిలబెట్టాడు. ఈ రెండు శిబిరాలకూ ఒకదానంటే ఒకదానికి పడేది కాదు, కానీ రెండింటి విద్యార్థులూ చదివింది ఒకే యూక్లిడ్‌ను.

లూథరన్ వేదాంత విద్యార్థిగా మొదలై 1594లో గ్రాట్స్ పట్టణపు ప్రొటెస్టెంట్ పాఠశాలలో గణిత ఉపాధ్యాయుడైన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దృష్టిలో రేఖాగణితం దేవుని మనసులోనిది. దేవుని పోలికలో పుట్టినందువల్లే మనిషి దాన్ని గ్రహించగలుగుతున్నాడు. నేటి క్రైస్తవ పాఠ్యపుస్తకాల ముందుమాటలు చాలావరకు ఈ మాట చుట్టూ తిరిగేవే. అయితే మరి కొన్ని దశాబ్దాలకే, అంతే భక్తి కలిగిన ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. రాజు తన రాజ్యంలో శాసనాలు చేసినట్టు దేవుడు గణిత సత్యాలను కూడా తన ఇష్టప్రకారం స్థాపించాడనీ, వృత్తపు వ్యాసార్థాలన్నీ సమానం కాకుండా చేసే స్వేచ్ఛ కూడా ఆయనకు ఉండిందనీ 1630 నాటి ఉత్తరాల్లో రాశాడు. జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్‌కు ఈ మాట సుతరామూ నచ్చలేదు. సత్యం దేవుని ఇష్టం మీద కాక దేవుని బుద్ధి మీద ఆధారపడుతుందని అతని పట్టు. తాను రూపొందించిన ద్విసంఖ్యామానంలో 1, 0 అనే రెండు గుర్తులతోనే అన్ని సంఖ్యలూ పుట్టుకురావడాన్ని, శూన్యం నుంచి దేవుడు సృష్టి చేయడానికి పోలికగా 1697లో ఒక జర్మన్ ప్రభువుకు రాశాడు కూడా. గణితం దేవునిదే అని ఒప్పుకున్నాక కూడా ఎంత దూరం విభేదించవచ్చో వీరిద్దరూ చూపించారు.

పద్దెనిమిదో శతాబ్దంలో తమాషా అయిన మలుపు వచ్చింది. ఐర్లండ్‌లో బిషప్ పదవికి వచ్చిన బర్క్‌లీ 1734లో న్యూటన్ తరహా కలనగణితంపై (కాలిక్యులస్) విరుచుకుపడ్డాడు. ఒక మెట్టులో సున్నా కాదని భాగహారానికి వాడుకున్న అతిసూక్ష్మ రాశిని తరువాతి మెట్టులో సున్నా అని తీసిపారేస్తున్నారే, మత రహస్యాలను వెక్కిరించేవారు ఇంతటి రహస్యాన్ని ఎలా మింగగలుగుతున్నారని అడిగాడు. న్యూటన్ పక్షాన జవాబు రాసినవారిలో థామస్ బేజ్ కూడా ఒక చర్చి బోధకుడే. బర్క్‌లీ ఎత్తిచూపిన లోపం నిజమైనదే. అవధి అనే భావనను కచ్చితంగా నిర్వచించేదాకా, అంటే పంతొమ్మిదో శతాబ్దం వరకు అది తీరలేదు.

ఆ పంతొమ్మిదో శతాబ్దమే అసలు కుదుపు తెచ్చింది. ఉన్నత పాఠశాలలో ప్రతి విద్యార్థీ చదివే నిరూపణనే తీసుకుందాం. త్రిభుజపు పైశీర్షం గుండా భూమికి (అడుగు భుజానికి) సమాంతరంగా ఒక రేఖ గీస్తాం, ఏకాంతర కోణాలు సమానమంటాం, మూడు కోణాలూ ఆ రేఖ మీద పక్కపక్కన చేరి 180 డిగ్రీలవుతాయి. అంతా సజావుగానే ఉంది. కానీ ఆ బిందువు గుండా అటువంటి రేఖ ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పారు? అది యూక్లిడ్ స్వీకృతం, నిరూపించినది కాదు. 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బొల్యాయి అటువంటి రేఖలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నా ఏ వైరుధ్యమూ రాని రేఖాగణితాన్ని ప్రకటించారు. అందులో త్రిభుజపు కోణాల మొత్తం 180 కంటే తక్కువే. కెప్లర్ మార్గంలో దేవుని మనసులో ఉన్నది యూక్లిడ్ రేఖాగణితమే అని నమ్మినవారికి ఇది గట్టి దెబ్బ. దెకార్త్ మార్గంలో నడిచినవారికి మాత్రం పెద్ద ఆశ్చర్యం కలిగించదు. అనంతాలలో పెద్దవీ చిన్నవీ ఉన్నాయని చూపిన జర్మన్ గణితజ్ఞుడు కాంటర్ తన సిద్ధాంతం దేవుని అనంతత్వాన్ని తగ్గించడం లేదని 1886లో కార్డినల్ ఫ్రాంజెలిన్‌కు ఉత్తరాలు రాసుకుని మరీ వివరణ ఇచ్చుకున్నాడు.

పాఠశాలలకు నేరుగా సంబంధించిన వాదం నెదర్లాండ్స్‌లో మొదలైంది. 1880లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రీ యూనివర్సిటీని స్థాపించిన అబ్రహాం కైపర్, విశ్వాసులూ అవిశ్వాసులూ రెండు వేర్వేరు శాస్త్రాలను నిర్మిస్తారన్నాడు. అయితే ఆయనే లెక్కించడం, తూచడం, కొలవడం వంటి మెట్టులో ఇద్దరికీ తేడా ఉండదనీ ఒప్పుకున్నాడు. ఆ మినహాయింపు ఆయన శిష్యతరానికి రుచించలేదు. వొలెన్‌హొవెన్ అనే యువకుడు 1918లో అదే విశ్వవిద్యాలయంలో ఆస్తిక దృక్కోణం నుంచి గణిత తత్వశాస్త్రంపై పరిశోధన గ్రంథం సమర్పించాడు; అతని సహచరుడు డోయవేర్డ్ సంఖ్యనూ స్థలాన్నీ సృష్టి క్రమంలోని మొదటి రెండు పార్శ్వాలుగా నిలిపి, మిగతా పార్శ్వాలను వాటిలోకి కుదించకూడదని వాదించాడు. వలస వెళ్లిన డచ్చి కుటుంబాలు ఈ ఆలోచనను అమెరికా, కెనడా పాఠశాలలకు తీసుకువెళ్లాయి. నా దృష్టిలో నేటి చర్చలో పసగల భాగం చాలావరకు ఈ పాయ నుంచి వచ్చిందే.

రెండో పాయ పుట్టుక వేరు. అమెరికా సుప్రీంకోర్టు 1962లో ప్రభుత్వ పాఠశాలల్లో అధికారిక ప్రార్థనను, 1963లో బైబిల్ పఠనాన్ని రాజ్యాంగవిరుద్ధమని తీర్పునిచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో ఎవాంజెలికల్ (సువార్తిక ప్రొటెస్టెంట్) పాఠశాలలు పెద్ద సంఖ్యలో వెలిశాయి. దక్షిణాది రాష్ట్రాల్లో వాటిలో కొన్ని నల్లజాతి పిల్లలతో కలిసి చదవడం ఇష్టంలేక పుట్టినవన్నది కూడా దాచకూడని చరిత్రే. సరిగ్గా అదే కాలంలో, 1957లో సోవియట్ ఉపగ్రహం ఎగిరిన కంగారులో, సమితులతోనూ వేర్వేరు ఆధార సంఖ్యామానాలతోనూ నిండిన 'కొత్త గణితం' అమెరికా తరగతి గదుల్లోకి దిగింది. పిల్లలకు కూడికలు రావడం లేదని తల్లిదండ్రులంతా విసుక్కుంటుంటే, కొన్ని క్రైస్తవ ప్రచురణ సంస్థలు ఆ విసుగుకు దైవశాస్త్రపు రంగు పూశాయి: గణిత నియమాలు దేవుని సృష్టి, కనుక అవి మార్పులేనివి, వాటిని మనిషి కల్పనగా చూపే ఆధునిక గణితం, సత్యం ఎవరికి వారిదే అనే సాపేక్షవాదానికి దారి. సమితి వాదాన్ని నిర్మించిన కాంటర్ ఎంతటి ఆస్తికుడో ఈ సంస్థలకు తట్టినట్టు లేదు. ఎక్కాలు బట్టీ పట్టించడానికి నిజంగా మంచి కారణాలే ఉన్నాయి, వాటికి సిలువ తగిలించనక్కర లేదు.

ఈ రెండు పాయలకు నడుమ గణిత ఆచార్యులు కొందరు తమ దారి వెతుక్కున్నారు. హార్వర్డ్‌లో గణితంలో డాక్టరేట్ చేసి వేదాంతానికి మళ్లిన వర్న్ పోయిత్రెస్ 1976లో బైబిల్ దృష్టితో గణితంపై సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. మరుసటి ఏడాది అమెరికాలోని వీటన్ కళాశాలలో జరిగిన సమావేశం నుంచి గణిత శాస్త్రాల్లోని క్రైస్తవుల సంఘం రూపుదిద్దుకుంది. ఇటీవలి కాలంలో పాఠశాల స్థాయిలో బరువు గణితపు పుట్టుక నుంచి గణితపు వాడకం వైపు జరిగింది. దొంగత్రాసు యెహోవాకు హేయమన్న సామెతల గ్రంథపు మాటనూ, న్యాయమైన త్రాసులూ తూనికరాళ్లూ ఉండాలన్న లేవీయకాండపు ఆజ్ఞనూ ఆధారం చేసుకుని, చక్రవడ్డీ పాఠంలో అప్పు తీసుకున్నవాడి పరిస్థితినీ, సాంఖ్యకశాస్త్రంలో తప్పుదారి పట్టించే పటాలనూ చర్చకు పెడతారు. వచనం ఇక్కడ అలంకారం కాదు, లెక్కకు ప్రశ్నను ఇచ్చేది అదే.

ఇన్ని శతాబ్దాల వాదం ఒక్క లెక్కలో కనబడాలంటే రాజులు మొదటి గ్రంథం 7:23 చాలు. సొలొమోను పోత పోయించిన సముద్రమనే పాత్ర ఈ అంచు నుంచి ఆ అంచుకు పది మూరలు, కైవారం ముప్పై మూరలు. అంటే పై (π) విలువ మూడేనా అని వెక్కిరించేవారు ఒకవైపు. మరోవైపు సమర్థకులు 26వ వచనంలోని బెత్తెడు దళసరి పట్టుకుని, మూరకు ఆరు బెత్తెళ్ల లెక్కన రెండు వైపులా తీసివేస్తే లోపలి వ్యాసం సుమారు 9.67 మూరలనీ, లోపలి కైవారం 30.37 అనీ తేలుస్తారు. ముప్పైకి దగ్గరే, కానీ ఆ కొలత లోపలి అంచుదని వచనం ఎక్కడా చెప్పలేదు. ఇంత శ్రమ లేకుండానే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇంకో దారి చూపగలడు. కొలిచినవాడు మూర కంటే చిన్న భాగాలను పట్టించుకోలేదనుకుంటే వ్యాసం 9.5కూ 10.5కూ మధ్య, కైవారం 29.5కూ 30.5కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వ్యాసం 9.6 మూరలైతే కైవారం 30.16. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మొదటిది 10, రెండోది 30.