చిప్ మీది నంబర్ చదవండి

నల్లగొండ

మహబూబ్‌నగర్‌లో ఉన్న నా మనవడికి, మనవరాలికి తాత ఆశీస్సులు.

మీరు పంపిన నాలుగు సౌండ్ కార్డుల (కంప్యూటర్‌లో శబ్దం పలికించే పలకల) ఫొటోలు చూశాను. "వీటిలో ఏది మంచిది తాతా?" అని అడిగారు. ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అప్పుడు మీకు కార్డు పేరు తెలుస్తుంది, కారణం తెలియదు. ఫొటోలు పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి.

సౌండ్ కార్డు మీద మూడు పనులు జరుగుతాయి. సంగీతాన్ని అప్పటికప్పుడు పుట్టించడం ఒకటి. రికార్డు చేసిన శబ్దాన్ని వినిపించడం రెండోది. ఆ శబ్దాన్ని కంప్యూటర్ నుంచి సమయానికి అందుకోవడం మూడోది. ఒక పనిలో గట్టిదైన చిప్ ఇంకో పనిలో తేలిపోవచ్చు. అందుకే "ఏది మంచిది" అని అడిగితే, "ఏ పనికి?" అని నేను తిరిగి అడుగుతాను.

మొదటి రెండింటికీ తేడా ఏమిటంటే, పెళ్లిలో సన్నాయి మేళం వాయించడానికీ టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టడానికీ ఉన్నంత తేడా. మొదటి దాంట్లో చిప్‌కు శబ్దం ఇవ్వరు. ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అని మాత్రమే చెబుతారు. వాయించడం దాని పని.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది ఒక చిన్న స్పీకర్. బీప్ అనడం దాని ముఖ్యమైన పని. 1987లో కెనడాలోని క్విబెక్ నుంచి యాడ్‌లిబ్ కార్డు వచ్చింది. దాని మీద యమహా వారి వైఎం3812 చిప్ ఉంది. దీన్నే ఓపీఎల్2 అంటారు. ఒకేసారి తొమ్మిది స్వరాలు పలికించగలదు. ఎలాగంటే, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు 1967లో గమనించిన విషయం దాని పునాది. ఒక స్వరాన్ని కొద్దిగా వణికిస్తే మన చెవికి వణుకు వినిపిస్తుంది. ఆ వణికే వేగాన్ని బాగా పెంచితే వణుకు మాయమై, స్వరం గుణమే మారిపోతుంది. గంటలా మోగుతుంది, లేదా ఇత్తడి బాకాలా పలుకుతుంది. ఒక తరంగాన్ని ఇంకో తరంగంతో వణికించడం, అంతే! ఇంత చిన్న ఉపాయం నుంచి అన్ని వాద్యాల ఛాయలు రావడం నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. దీన్నే ఎఫ్ఎం సింథసిస్ అంటారు. మన ఎఫ్ఎం రేడియోలో ఉన్నదీ ఇదే సూత్రం, వాడే తీరు వేరు.

తర్వాత యమహా వైఎంఎఫ్262 తెచ్చింది. అదే ఓపీఎల్3. పద్దెనిమిది స్వరాలు, స్టీరియో, తరంగాల ఆకారాలు నాలుగు బదులు ఎనిమిది. డాస్ అంటే విండోస్‌కు ముందు పీసీలను నడిపిన సాఫ్ట్‌వేర్. 1990ల డాస్ ఆటల సంగీతంలో చాలా భాగాన్ని స్వరకర్తలు ఈ రెండు చిప్‌ల మీద విని, వాటి గొంతుకు తగ్గట్టు సరిచూసుకున్నారు. అందుకని అసలు చిప్ కాకుండా దాన్ని అనుకరించే చిప్ ఉంటే, స్వరం అదే వచ్చినా నాదం మారుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మీ కార్డుల దగ్గర పనికొస్తుంది.

రికార్డు చేసిన శబ్దం సంగతి లెక్కలతో తేలుతుంది. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు కొలత, ఒక్కో కొలతకు 16 బిట్లు, రెండు చానళ్లు. సెకనుకు 1,76,400 బైట్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఎనిమిది సెకన్ల పైచిలుకు పాట పడుతుంది! ఆటలు తయారుచేసేవాళ్లు ఎఫ్ఎం సంగీతాన్ని ఎందుకు పట్టుకున్నారో ఇప్పుడు అర్థమైందా? సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో తెచ్చిన మొదటి సౌండ్ బ్లాస్టర్‌లో ఓపీఎల్2తో పాటు 8 బిట్ల శబ్దాన్ని వినిపించే ఏర్పాటు ఉంది. 8 బిట్లంటే 256 మెట్లు. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16లో 65,536 మెట్లు. మెట్లు తక్కువైతే మెల్లటి శబ్దాల వెనక బుసబుస వినిపిస్తుంది. అయితే బిట్లు పెరిగినంత మాత్రాన శుభ్రంగా వినిపిస్తుందని కాదు. కార్డు మీది యాంప్లిఫయర్ నాసిరకం అయితే 16 బిట్లలోనూ అదే బుస.

మూడో పని ఎవరూ పట్టించుకోరు గానీ, మా రిపేరు పనిలో ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. రికార్డు చేసిన శబ్దం మెమరీలో ఉంటుంది. దాన్ని డీఎంఏ అనే దారిలో, ప్రాసెసర్‌ను ఇబ్బంది పెట్టకుండా, కార్డు లాక్కుంటుంది. తెచ్చుకున్న ముక్క అయిపోగానే ఐఆర్‌క్యూ అనే సంకేతం పంపుతుంది. ఆట వెంటనే తర్వాతి ముక్క సిద్ధం చేస్తుంది. ఆ సంకేతం చేరకపోతే మాట ఆగిపోతుంది, లేదా ఒకే ముక్క మళ్లీమళ్లీ అరుస్తుంది. ఐఆర్‌క్యూ 7 మామూలుగా ప్రింటర్‌ది కాబట్టి అక్కడ గొడవ. ఎఫ్ఎం సంగీతానికి మాత్రం ఈ రెండూ అక్కర్లేదు. సంగీతం వస్తోంది, మాటలు రావడం లేదు అని ఎవరైనా అంటే, డబ్బా విప్పకముందే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోయేది.

ఇక మీ కార్డులు.

పెద్దగా క్రియేటివ్ అని రాసి ఉన్నదాని మీద సీటీ2505 అనే చిప్ కనబడుతోంది. వైబ్రా 16సీ అంటారు. సౌండ్ బ్లాస్టర్ 16 కోసం రాసిన ఆటలకు ఇది సరైనది. కానీ ఇందులో ఓపీఎల్3 లేదు. దాని బదులు క్రియేటివ్ వారి సొంత అనుకరణ సీక్యూఎం ఉంది. కొన్ని స్వరాలు రేకు మోగినట్టు వస్తాయి. ఇంకో లోటు, సౌండ్ బ్లాస్టర్ ప్రో (మొదటి సౌండ్ బ్లాస్టర్‌కూ 16కూ మధ్య వచ్చిన కార్డు) కోసం రాసిన స్టీరియో శబ్దం సౌండ్ బ్లాస్టర్ 16 జాతి కార్డుల్లో మోనోగా వస్తుంది. పెద్ద పేరు చూసి ఇదే గొప్పదని మీరు అనుకుని ఉంటారు.

ఏ కంపెనీదో తెలియని చిన్న కార్డు మీద వైఎంఎఫ్719 అని ఉంది చూడండి. యమహా చిప్. అసలైన ఓపీఎల్3 దాని లోపలే ఉంది. సౌండ్ బ్లాస్టర్ ప్రోలా నడుస్తుంది, స్టీరియోతో సహా. డాస్ ఆటల సంగీతం కోసమైతే నా ఓటు దీనికే.

ఈఎస్1868 ఉన్నది ఈఎస్ఎస్ అనే కంపెనీ వారిది. దీనిలోని ఈఎస్ఎఫ్ఎం కూడా అనుకరణే, కానీ జాగ్రత్తగా చేసిన అనుకరణ. ఓపీఎల్3కి 36 ఆపరేటర్లుంటే (ఆపరేటర్ అంటే వణికే లేదా వణికించే ఒక్కో తరంగం) దీని సొంత పద్ధతిలో 72 ఉన్నాయి. డాస్‌లో ఇదీ సౌండ్ బ్లాస్టర్ ప్రో దారిలోనే నడుస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సరుకు తెచ్చుకునే రోజుల్లో ఈ చిప్ ఉన్న చౌక కార్డులను నేను ధైర్యంగా బిగించేవాణ్ణి. ధర తక్కువని చులకన చేయకండి.

నాలుగోది ఈఎస్1371, పీసీఐ అనే కొత్త రకం స్లాట్‌లో పెట్టే కార్డు. విండోస్‌లో పాటలకు హాయిగా పనిచేస్తుంది. డాస్ ఆటలకు వద్దు. పాత ఆటలు వెతికే డీఎంఏ దారులు పీసీఐ స్లాట్‌లో లేవు, ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌తో నటించాలి.

గ్రావిస్ అల్ట్రాసౌండ్ అని ఇంకో కార్డు 1992లో వచ్చింది. మీ దగ్గర లేదు గానీ చెప్పకుండా ఉండలేను. దానిలోని జీఎఫ్1 చిప్ నిజమైన వాద్యాల నమూనాలను తన మెమరీలో పెట్టుకుని 32 గొంతులను తానే కలిపేది. 14 గొంతుల వరకు సెకనుకు 44,100 కొలతలు, 32కి వెళ్తే దాదాపు 19,300కి పడిపోయేది. ఎఫ్ఎం చిప్పే లేదు దాంట్లో. ఎక్కడైనా పాత సామాన్లలో కనబడితే వదలకండి.

ముందు యమహా కార్డు పెట్టండి. ప్లగ్ తీసేసి, కేబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, ఆ తర్వాతే కార్డు పట్టుకోండి. బంగారు రంగు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది దుమ్ము తుడవండి. దాని సెటప్ ప్రోగ్రామ్‌లో పోర్టు (కార్డు చిరునామా) 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 పెట్టండి. ఆటలో సౌండ్ బ్లాస్టర్ ప్రో ఎంచుకోండి. సంగీతం వచ్చి మాటలు రాకపోతే ఐఆర్‌క్యూ మార్చి చూడండి. రెండూ రాకపోతే కార్డు వెనక వైపు కూడా ఫొటో తీసి పంపండి.

మీ తాత