కష్టజీవి, సంసారపక్షం మనిషి

కాలిఫోర్నియాలో వ్యవసాయం మీద బతికే ఫ్రెస్నో, సలీనాస్ వంటి ఊళ్ల పత్రికల్లో ఒక తరహా నివాళి తరచూ కనిపిస్తుంది. పెద్దాయన మెక్సికోలో మిచోవాకాన్‌లోనో హలిస్కోలోనో పుట్టాడు, కుర్రతనంలో సరిహద్దు దాటాడు, దశాబ్దాల పాటు పొలాల్లో పనిచేశాడు, పిల్లల్ని చదివించుకున్నాడు. చివర్లో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: కష్టజీవి, కుటుంబమే లోకంగా బతికినవాడు. లాంఛనంగా రాసినట్టే ఉంటుంది. కానీ ఆ తరానికి ఈ రెండూ ఒకచోట కుదిరే మాటలు కావు. కష్టం చేయడానికి రమ్మన్న ఏర్పాటులో కుటుంబానికి చోటు లేదు.

ఆ ఏర్పాటు మొదలైంది 1942 ఆగస్టు 4న. రెండో ప్రపంచయుద్ధం వల్ల అమెరికా పొలాల్లో కూలీలు కరవయ్యారు. రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. దానికి జనం పెట్టుకున్న పేరు బ్రసేరో. స్పానిష్‌లో బ్రాసో అంటే చేయి. రెక్కాడితే గాని డొక్కాడదు అంటామే, ఆ రెక్క. విచిత్రమేమిటంటే, అంతకు పదేళ్ల ముందే, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఇదే అమెరికా లక్షలాది మెక్సికన్లను వెళ్లగొట్టింది. వాళ్లలో అమెరికాలోనే పుట్టిన పిల్లలు కూడా ఉన్నారు.

యుద్ధం ముగిసింది గానీ ఒప్పందం ముగియలేదు. చౌక కూలీకి అలవాటుపడిన భూస్వాములు దాన్ని 1964 చివరిదాకా సాగదీయించారు. ఆ 22 ఏళ్లలో సుమారు 46 లక్షల ఒప్పంద పత్రాల మీద సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. ఒకే మనిషి ఏటేటా వచ్చిన సందర్భాలు ఎన్నో. ఎంపిక కేంద్రాల్లో ముందుగా చూసింది చేతులే. అరచేతుల్లో కాయలు కాసి ఉంటే నిజమైన రైతుకూలీ అని లెక్క. సరిహద్దు దగ్గర బట్టలు విప్పించి వరుసలో నిలబెట్టి మీద డీడీటీ అనే పురుగుమందు చల్లారు. తర్వాత కొన్ని నెలల పని, పొలం పక్కన బారకాసుల్లో నిద్ర. భార్యాపిల్లలను వెంట తెచ్చుకునే వీలు లేదు. ఇల్లంటే ఉత్తరం, నెలనెలా పంపే డబ్బు.

పని ఎలాంటిదో చెప్పడానికి ఒక్క పనిముట్టు చాలు: ఎల్ కోర్తీతో, కురచ పిడి పార. పిడి రెండడుగులు కూడా ఉండదు. లెట్యూస్, చక్కెర బీట్ మడుల్లో ఒత్తు మొక్కలు తీయాలంటే పొద్దస్తమానం నడుం వంచే ఉండాలి. పొడవు పిడితోనూ ఆ పని అవుతుంది. కానీ కురచ పిడితో మేస్త్రీకి ఒక సౌకర్యం ఉంది: ఎవరైనా నడుం ఎత్తితే దూరం నుంచే తెలిసిపోతుంది. దాని వాడకం కాలిఫోర్నియాలో 1975లో గానీ ఆగలేదు. అప్పటికి ఎన్నో వెన్నెముకలు పాడైపోయాయి.

1963 సెప్టెంబరు 17న సలీనాస్ లోయలోని చువలార్ దగ్గర, పని ముగించుకుని వస్తున్న బ్రసేరోల లారీని గూడ్సు రైలు ఢీకొంది. సరుకుల లారీకే పైకప్పు వేసి, బల్లలు అమర్చి మనుషులను ఎక్కించారు. 32 మంది చనిపోయారు. ఒప్పందాన్ని రద్దు చేయాలన్న వాదనకు ఆ ప్రమాదం బలమిచ్చింది.

పథకం ఆగిపోయినా అవసరం ఆగలేదు. 1965 వలస చట్టం గురించి తెలుగువాళ్లకు తెలుసు. మన డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తీసింది అదే. ఆ చట్టమే మెక్సికో సహా పశ్చిమార్ధగోళ దేశాలన్నిటికీ కలిపి ఏడాదికి 1,20,000 అనే పరిమితిని మొదటిసారి పెట్టింది. నిన్నటిదాకా కాగితంతో వచ్చిన కూలీ, అదే పొలానికి అదే పనికి, ఇప్పుడు కాగితం లేకుండా వచ్చాడు. ‘అక్రమ’ అనే మాట అలా అతనికి అంటుకుంది. 1986 చట్టంతో దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. భార్యను పిలిపించుకుని ఒకే కప్పు కింద బతకడం చాలామందికి అప్పుడు గానీ సాధ్యం కాలేదు. అప్పటికి పిల్లలు కొందరు పెళ్లీడుకు వచ్చేశారు.

ఇంకో లెక్క మిగిలింది. 1940లలో బ్రసేరోల జీతంలో 10 శాతం కోసి, పొదుపు పేరుతో మెక్సికో బ్యాంకులకు పంపారు. తిరిగి వెళ్లాక ఇస్తామన్నారు, చాలామందికి అందలేదు. కోత పడిందన్న సంగతే తెలియనివాళ్లూ ఉన్నారు. ముసలివాళ్లయ్యాక ఊరేగింపులు తీశారు, కోర్టులకెక్కారు. చివరికి మెక్సికో ప్రభుత్వం 2005లో నిధి ఏర్పాటు చేసింది. ఒక్కొక్కరికి 38,000 పెసోలు. మనిషి పోయి ఉంటే భార్యకో పిల్లలకో. అసలు ఒప్పంద పత్రమో, జీతం చీటీయో చూపించాలన్నారు. అరవై ఏళ్లు ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నవాళ్లు తెచ్చి చూపించారు. పోగొట్టుకున్నవాళ్ల చేతుల కాయలను ఈసారి ఎవరూ చూడలేదు.