నల్ల విండో మెరిసి మాయమైతే ప్రోగ్రామ్ పాడైనట్టు కాదు

కర్నూలు సీ క్యాంప్ దగ్గర డిగ్రీ, డిప్లొమా పిల్లలకు సీ, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు నేర్పిస్తుంటాను. ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. కొత్త బ్యాచ్ మొదలైన వారంలోపే, రాసిన ప్రోగ్రామ్ నడిపి చూసినవాళ్ల నుంచి ఈ మాట వింటాను: "సార్, నల్ల స్క్రీన్ ఇట్ల వచ్చి అట్ల పోతాంది." పోయినేడాది ఒకబ్బాయి ఇదే కారణంతో ల్యాప్‌టాప్‌ను ఒక షాపుకు తీసుకెళ్లాడు. వైరస్ అని చెప్పి విండోస్ మొత్తం ఫార్మాట్ చేశారు. వాడు రాసుకున్న ప్రోగ్రాములన్నీ పోయాయి. ఇంటికొచ్చి రన్ చేస్తే మళ్లీ అదే తంతు. ఆ ఫార్మాట్‌కు ఇచ్చింది వాళ్ల నాన్న కూలి డబ్బు. అది విన్నప్పటినుంచి ఇది రాయాలనుకుంటున్నాను.

అపోహ: విండో వెంటనే మూసుకుపోతే ప్రోగ్రామ్ పాడైంది, లేదా వైరస్ పట్టింది.

వాస్తవం: చాలాసార్లు ప్రోగ్రామ్ పని సక్రమంగా పూర్తయింది కాబట్టే విండో మూసుకుపోతుంది. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే విండోస్ ఆ ప్రోగ్రామ్ కోసమే ఒక కన్సోల్ విండో (ఆ నల్ల విండో) తెరుస్తుంది, పని అయిపోగానే మూసేస్తుంది. 'హలో' అని ప్రింట్ చేయడానికి రెప్పపాటు కూడా పట్టదు కాబట్టి మన కంటికి ఆనదు.

చూడాలంటే ఫైల్ ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో ఉన్నది చెరిపి, సీఎండీ (cmd) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అదే ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) వస్తుంది. అక్కడ ప్రోగ్రామ్ పేరు టైప్ చేసి నడపండి. ఈ విండోను తెరిచింది మీరు. ప్రోగ్రామ్ ముగిసినా అది మీరు మూసేదాకా ఉంటుంది.

అపోహ: ప్రోగ్రామ్ చివర్లో గెట్‌చ్ (ఒక కీ నొక్కేదాకా ఆగే ఆదేశం) పెడితే చాలు.

వాస్తవం: టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ కాలం నుంచి మన ల్యాబ్ రికార్డుల్లో కాపీ అవుతూ వస్తున్న అలవాటిది. గెట్‌చ్ సీ భాష ప్రమాణంలో లేదు. అదే ప్రోగ్రామ్‌ను లినక్స్‌లో కంపైల్ చేయబోతే గెట్‌చ్‌కు కావాల్సిన కోనియో ఫైలే దొరకదు. పోనీ గెట్‌చార్ (ఒక అక్షరాన్ని చదివే ఆదేశం) పెడదామంటే, కీబోర్డు నుంచి చదివే స్కాన్‌ఎఫ్ సంఖ్యను చదివాక మీరు కొట్టిన ఎంటర్ ఇంకా లోపలే మిగిలి ఉంటుంది. గెట్‌చార్ దాన్ని అందుకుని, ఆగకుండా ముందుకెళ్లిపోతుంది. పిల్లలు ఇక్కడే బాగా తికమకపడతారు.

పైథాన్‌లో విండో ఆగాలని చివర్లో ఇన్‌పుట్ ఆదేశం పెట్టేవాళ్లకు ఇంకో చిక్కు. మధ్యలో ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆ చివరి లైను దాకా రాదు. విండోతోపాటు ఎర్రర్ మెసేజ్ కూడా పోతుంది. మనకు అన్నిటికన్నా కావాల్సింది ఆ మెసేజే కదా! కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే, తప్పు ఏ లైనులో ఉందో సహా కళ్లముందు ఉంటుంది.

అపోహ: చివర్లో వచ్చే రిటర్న్ నంబర్‌తో మనకు పనిలేదు.

వాస్తవం: ప్రోగ్రాములు రాసి నడిపే కోడ్‌బ్లాక్స్ సాఫ్ట్‌వేర్‌లో రన్ చేస్తే కింద ఒక నంబర్ కనిపిస్తుంది. 0 ఉంటే సాధారణంగా ప్రోగ్రామ్ సరిగ్గా ముగిసినట్టు. -1073741819 వస్తే, తనది కాని మెమరీని ముట్టుకుని కూలిపోయినట్టు. కొత్తవాళ్ల విషయంలో ముందు చూడాల్సింది స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు అండ్ గుర్తు (&) మర్చిపోయారేమో అని. -1073741676 అంటే పూర్ణాంకాన్ని సున్నాతో భాగించారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకరు సగటు మార్కుల ప్రోగ్రామ్ రాసి, విద్యార్థుల సంఖ్య దగ్గర 0 కొట్టింది. బోర్డు మీద రాసి ఉంచిన ఈ నంబర్ చూసి, నన్ను అడగకుండానే సరిచేసుకుంది. ఆ రోజంతా నాకు ఎంత సంతోషమో!

అపోహ: సాఫ్ట్‌వేర్ మార్చాలి, ర్యామ్ పెంచాలి.

వాస్తవం: ర్యామ్‌కు దీనితో సంబంధం లేదు, సాఫ్ట్‌వేర్ కూడా మార్చక్కర్లేదు. విజువల్ స్టూడియోలో కంట్రోల్ ఎఫ్5 తో నడిపితే విండో ఆగుతుంది. టర్బో సీలో ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్ స్క్రీన్ కనిపిస్తుంది.

ఇంకా టెన్షన్‌గా ఉంటే, షాపుకు వెళ్లేముందు ఒక్కసారి కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపి, చివరి నాలుగు లైన్లు ఫోటో తీసి మీ సార్‌కో మేడమ్‌కో చూపించండి.