రిపోర్టులో 'ఏఎన్ఏ పాజిటివ్' అంటే లూపస్ వచ్చినట్టేనా?

కీళ్ల నొప్పులనో, వదలని జ్వరమనో డాక్టరు దగ్గరికి వెళ్తే రాసే పరీక్షల్లో ఈమధ్య ఏఎన్ఏ (యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ) అనే రక్తపరీక్ష తరచుగా కనిపిస్తోంది. ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో రిపోర్టు వస్తుంది. 'పాజిటివ్' అన్న మాట చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. డాక్టరును మళ్లీ కలిసేలోపే ఫోన్లో వెతికి, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) అన్న పేరు చదివి, నిద్రపట్టక దొర్లేవాళ్లు ఎందరో. వాళ్లకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఒక్కటే: ఆ పరీక్ష ఒక్కదాన్నీ చూసి లూపస్ అని ఎవరూ తేల్చలేరు.

మన ఒంట్లో రోజూ కోట్ల కణాలు చనిపోతుంటాయి. వాటి శిథిలాలను రోగనిరోధక వ్యవస్థ ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉంటుంది. లూపస్ ఉన్నవాళ్లలో ఈ పని సరిగ్గా సాగదు. కణ కేంద్రకంలో ఉండాల్సిన డీఎన్ఏ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లు బయటపడి, ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉండిపోతాయి. బి కణాలు అనే తెల్ల రక్తకణాలు వాటిని శత్రువులని పొరబడి యాంటీబాడీలు తయారుచేస్తాయి. శిథిలాలను తొలగించడంలో తోడ్పడే సీ1క్యూ అనే ప్రొటీన్ పుట్టుకతోనే లేనివాళ్లు చాలా అరుదు. కానీ అలాంటివాళ్లలో అత్యధికులకు లూపస్ లేదా దాన్ని పోలిన జబ్బు వస్తుంది. శుభ్రం చేసే పని ఎంత కీలకమో చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

కేంద్రకం మీదికి వచ్చే ఈ యాంటీబాడీలన్నిటినీ కలిపి పట్టుకునేదే ఏఎన్ఏ పరీక్ష. రోగి సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవాన్ని) పలచన చేసి, ల్యాబ్‌లో పెంచిన మానవ కణాల మీద వేస్తారు. యాంటీబాడీలుంటే మైక్రోస్కోపు కింద కేంద్రకాలు పచ్చగా మెరుస్తాయి. రిపోర్టులో 1:80 అని ఉంటే, 80 రెట్లు పలచన చేసినా ఆ మెరుపు కనిపించిందని అర్థం. 1:640 అంటే యాంటీబాడీలు ఇంకా ఎక్కువ ఉన్నట్టు. లూపస్ ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి పైగా ఈ పరీక్ష పాజిటివ్‌గా వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వస్తుంది. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యవంతుల్లో 1:40 దగ్గర సుమారు 32 శాతం మందికి, 1:80 దగ్గర 13 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో, కొన్ని ఇన్ఫెక్షన్ల తర్వాత, కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. అందుకే 2019లో యూరప్, అమెరికా రుమటాలజిస్టుల (కీళ్లు, రోగనిరోధక జబ్బుల నిపుణుల) సంఘాలు కలిసి లూపస్‌ను గుర్తించడానికి రూపొందించిన మార్కుల ప్రమాణాల్లో ఏఎన్ఏకి ఒక్క మార్కు కూడా లేదు. 1:80 గానీ అంతకు మించి గానీ ఉంటేనే మిగతావి లెక్కలోకి తీసుకుంటారు. అక్కడితో దాని పాత్ర అయిపోతుంది.

మార్కులు పడేది కేంద్రకం మీదికి వచ్చే యాంటీబాడీల్లోనే ప్రత్యేక రకాలైన డీఎస్-డీఎన్ఏ, ఎస్ఎమ్‌లకు. ఈ రెంటిలో ఏది ఉన్నా 6 మార్కులు. రోగనిరోధక వ్యవస్థకు తోడ్పడే సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు రెండూ తగ్గితే 4. కీళ్లు, చర్మం, రక్తకణాలు, కిడ్నీల లక్షణాలకు విడిగా మార్కులుంటాయి. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ రావాలి, అందులో కనీసం ఒక్కటైనా ఒంట్లో కనిపించే లక్షణమై ఉండాలి. ఆ చివరి షరతు నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. రక్తంలో ఎన్ని యాంటీబాడీలు కనబడినా, ఒంట్లో ఏ భాగం మీదా దాని ప్రభావం కనబడకపోతే అది లూపస్ లెక్కలోకి రాదన్నమాట.

అలాగని ఈ యాంటీబాడీలను కొట్టిపారేయడానికీ లేదు. అమెరికా రక్షణ శాఖ తన సైనికుల సీరమ్ నమూనాలను ఏళ్ల తరబడి భద్రపరుస్తూ వచ్చింది. తర్వాతి కాలంలో లూపస్ బయటపడిన 130 మంది పాత నమూనాలను పరిశోధకులు బయటికి తీసి పరీక్షించారు. 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 130 మందిలో 115 మందికి జబ్బు బయటపడకముందే కనీసం ఒక యాంటీబాడీ ఉంది. కొందరిలో 9 ఏళ్లకు పైగా ముందు నుంచే! అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది వాటి వరస. ఏఎన్ఏ, ఇంకా ఆర్ఓ, ఫాస్ఫోలిపిడ్ అనే మరో రెండు రకాల యాంటీబాడీలు ముందుగా వచ్చాయి. డీఎస్-డీఎన్ఏ ఆ తర్వాత వచ్చింది. ఎస్ఎమ్ మాత్రం జబ్బు బయటపడే రోజులు దగ్గరపడ్డాక వచ్చింది. అంటే చాలామందిలో లూపస్ ఒక్కసారిగా ఊడిపడదు. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. కానీ ఆ మొదటి మెట్టు దగ్గరే జీవితాంతం ఆగిపోయేవాళ్లు అంతకంటే ఎంతో మంది ఉన్నారు. ఎవరు ఆగుతారు, ఎవరు దిగుతారు అన్నది ముందే చెప్పగలిగితే ఎన్ని కిడ్నీలు కాపాడవచ్చో!

జబ్బు ఖాయమయ్యాక కూడా అన్ని పరీక్షలకూ ఒకే విలువ ఉండదు. ఏఎన్ఏ, ఎస్ఎమ్ జబ్బుతో పాటు పెరిగి తగ్గేవి కావు. ఒకసారి పాజిటివ్ వచ్చాక మూడు నెలలకోసారి వేల రూపాయలు పోసి మళ్లీ చేయించడం దండగ. క్రమం తప్పకుండా చూడాల్సినవి డీఎస్-డీఎన్ఏ, సీ3, సీ4. యాంటీబాడీలు డీఎన్ఏతో ముడిపడి గుంపులుగా కిడ్నీల్లో పేరుకున్నప్పుడు, అక్కడ కాంప్లిమెంట్ ప్రొటీన్లు వాడుకైపోతాయి. ఖర్చు పెరిగేకొద్దీ ఖాతాలో నిల్వ తగ్గినట్టు, రక్తంలో సీ3, సీ4 పడిపోతాయి. డీఎస్-డీఎన్ఏ పెరుగుతూ ఇవి తగ్గుతున్నాయంటే వెంటనే మూత్ర పరీక్ష చేయించాలి. కిడ్నీ దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు. మూత్రంలో రోజుకు అరగ్రాముకు మించి ప్రొటీన్ పోతుంటే అదే హెచ్చరిక. ఇంత చవకైన పరీక్షను మర్చిపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం చాలా పెద్దది.

ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంత ఉందో చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షల గురించి ఒక మాట. లూపస్ ఉధృతమైనప్పుడు ఈఎస్ఆర్ పెరుగుతుంది గానీ సీఆర్‌పీ చాలాసార్లు పెద్దగా పెరగదు. సీఆర్‌పీ బాగా పెరిగి జ్వరం ఉంటే డాక్టర్లు ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు.

గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ఆర్ఓ పరీక్ష గురించి డాక్టరును తప్పకుండా అడగాలి. ఆర్ఓ యాంటీబాడీ మాయ (ప్లాసెంటా) ద్వారా బిడ్డకు చేరుతుంది. నూటికి ఒకరిద్దరిలో బిడ్డ గుండె లయ దెబ్బతింటుంది. ముందే తెలిస్తే గర్భంలోనే బిడ్డ గుండెను గమనిస్తూ ఉండవచ్చు. లూపస్ రోగుల్లో 10 మందికి 9 మంది ఆడవాళ్లే, అందులోనూ పిల్లల్ని కనే వయసువాళ్లే ఎక్కువ. అందుకే ఈ విషయం ఇంట్లో పెద్దవాళ్లకూ తెలియాలి.

యాంటీబాడీలు కాక ఇంకో గుర్తు ఇంటర్‌ఫెరాన్. వైరస్ చొరబడినప్పుడు శరీరం విడుదల చేసే ప్రొటీన్ ఇది. వైరస్ ఏదీ లేకపోయినా చాలామంది లూపస్ రోగుల రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ రెచ్చగొట్టే జన్యువులు చురుగ్గా ఉంటాయని 2003లో స్పష్టమైంది. దాని పనిని అడ్డుకునే అనిఫ్రోలుమాబ్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

2022లో జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు మరో అడుగు ముందుకేశారు. ఏ మందుకూ లొంగని ఐదుగురు లూపస్ రోగుల టి కణాలను (మరో రకం తెల్ల రక్తకణాలను) బయటికి తీసి, బి కణాలను వెతికి చంపేలా మార్చి తిరిగి ఎక్కించారు. మూడు నెలలకల్లా ఐదుగురిలోనూ జబ్బు సద్దుమణిగింది, డీఎస్-డీఎన్ఏ యాంటీబాడీలు కనిపించకుండా పోయాయి. టీకాల వల్ల వచ్చిన రక్షణ యాంటీబాడీలు మాత్రం చాలావరకు నిలిచి ఉన్నాయి. సగటున 110 రోజులకు బి కణాలు మళ్లీ పుట్టుకొచ్చాయి. వాళ్లను గమనించినంత కాలం జబ్బు తిరగబెట్టలేదు.