బ్యాక్టీరియా మన రక్షణను ఎలా తప్పించుకుంటుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇమ్యూనిటీ గట్టిగా ఉంటే ఏ బ్యాక్టీరియా ఏమీ చేయలేదు.

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసే నాకు అందరికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఇమ్యూనిటీ అంటే ఫోన్ ఛార్జింగ్‌లా ఒక్క అంకెతో తేలిపోయేది అనుకుంటారు. నిజానికి పుట్టుకతో వచ్చే రోగనిరోధక వ్యవస్థ కొన్ని గుర్తులను పసిగట్టి పనిచేస్తుంది. ఆ గుర్తే కనబడకపోతే ఎంత ఆరోగ్యవంతుడి శరీరమైనా ఆలస్యంగానే మేల్కొంటుంది.

ప్లేగు బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిస్‌నే తీసుకోండి. దాని బయటి పొరలో లైపిడ్-ఎ అనే భాగం ఉంటుంది. మన కణాల మీదుండే టీఎల్ఆర్-4 అనే గ్రాహక ప్రోటీన్ దాన్ని పట్టుకుని ప్రమాద సంకేతం పంపాలి. ఎలుకల ఒంటి మీద రక్తం పీల్చే పురుగులో, తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఉన్నప్పుడు, ఆరు కొవ్వు గొలుసులున్న లైపిడ్-ఎ కూడా తయారవుతుంది. టీఎల్ఆర్-4కు బాగా దొరికేది ఆ రకమే. మన ఒంట్లోకి వచ్చి 37 డిగ్రీలు తగిలాక, బ్యాక్టీరియా ప్రధానంగా నాలుగు గొలుసుల రకానికి మారిపోతుంది. ఇక సంకేతం సరిగా వెళ్లదు. 2006లో పరిశోధకులు ఇ.కోలై జన్యువు ఒకటి ఇందులో పెట్టి, 37 డిగ్రీల దగ్గర కూడా ఆరు గొలుసులు వచ్చేలా చేశారు. మిగతా ఆయుధాలన్నీ అలాగే ఉన్నా, ల్యాబ్ ఎలుకలను అది చంపలేకపోయింది. ఒక్క గుర్తు దాచడం మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి!

అపోహ: తెల్లరక్తకణం మింగిందంటే బ్యాక్టీరియా పని అయిపోయినట్టే.

చాలావాటి విషయంలో నిజమే. మాక్రోఫేజ్ అనే తెల్లరక్తకణం మింగిన బ్యాక్టీరియా ఫాగోజోమ్ అనే సంచిలో చిక్కుకుంటుంది, ఆ సంచి కణంలోని జీర్ణసంచి అయిన లైసోజోమ్‌తో కలిసి ఆమ్లంతో, ఎంజైములతో నిండుతుంది. క్షయ బ్యాక్టీరియా ఆ కలయికనే ఆపేస్తుంది. 5కో, అంతకన్నా కిందికో దిగాల్సిన పీహెచ్ 6.2-6.4 దగ్గరే నిలిచిపోతుంది. తనను చంపాల్సిన కణంలోనే అది కాపురం పెడుతుంది. లిస్టీరియా అనే మరో బ్యాక్టీరియా అయితే సంచిలో ఉండనే ఉండదు. లిస్టీరియోలైసిన్ అనే విషప్రోటీన్‌తో చిల్లు పెట్టుకుని బయటపడి, అక్కణ్నుంచి పక్క కణంలోకి దూరుతుంది.

అపోహ: మందులకు లొంగని బ్యాక్టీరియాయే ప్రమాదకరం.

మందు పనిచేయడం వేరు, మన కణాలు దాన్ని చంపగలగడం వేరు. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియాలో హైపర్‌విరులెంట్, అంటే మరీ తీవ్రంగా జబ్బు చేసే రకాలున్నాయి. ల్యాబ్ ప్లేటు మీద పెరిగిన అలాంటి కాలనీని (బ్యాక్టీరియా గుంపును) సన్నని తీగ లూప్‌తో తాకి మెల్లగా పైకి లేపితే జిగురు తీగలా సాగుతుంది. 5 మిల్లీమీటర్లు దాటి సాగితే స్ట్రింగ్ టెస్ట్ పాజిటివ్ అంటాం. ఈ ఒక్క పరీక్షతో రకం తేల్చేయలేం కానీ, చూసిన వెంటనే చికిత్స చేసే డాక్టరుకు ఫోన్ చేయడం మంచిది. ఆ జిగురు వెనక మందపాటి క్యాప్సూల్ ఉంటుంది. చక్కెరలతో అల్లుకున్న ఆ పొర వల్ల రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు బ్యాక్టీరియాకు హాని చేయలేవు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలకు పట్టు దొరకదు. ఈ రకాల్లో చాలావాటికి యాంటీబయాటిక్స్ బాగానే పనిచేస్తాయి. అయినా ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా కాలేయంలో చీముగడ్డలు తెప్పిస్తాయి. ఇప్పుడు కొన్నింటిలో ఈ గుణంతో పాటు మందులకు లొంగని గుణం కూడా కలుస్తోంది. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది అదే.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) వచ్చిందంటే శరీరం గెలుస్తున్నట్టే.

పేగులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు కావాల్సింది అదే. న్యూట్రోఫిల్స్ వదిలే ఆక్సిజన్ రాడికల్స్ వల్ల అక్కడి థయోసల్ఫేట్ అనే గంధక పదార్థం టెట్రాథయోనేట్‌గా మారుతుంది. సాల్మొనెల్లా దాన్ని శ్వాసక్రియకు వాడుకుని, పేగులోని మిగతా బ్యాక్టీరియాను వెనక్కి నెట్టేస్తుంది.

అపోహ: ఇలా తప్పించుకునేవాటిని మనం ఏమీ చేయలేం.

న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు ఇచ్చే టీకా గురి పెట్టేది సరిగ్గా క్యాప్సూల్ మీదే. యాంటీబాడీలు ఆ పొరకు అతుక్కుంటే, జారిపోయే బ్యాక్టీరియా మీద భక్షక కణాలకు పట్టు దొరుకుతుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరం వట్టి చక్కెర పొరకు సరిగా స్పందించదు కాబట్టి దాన్ని ఒక ప్రోటీన్‌కు జోడించి ఇస్తారు. న్యుమోకాకస్‌లో క్యాప్సూల్ రకాలు 90కి పైనే ఉన్నాయి. టీకా పేరు పక్కన కనిపించే 10, 13, 20 లాంటి అంకె, వాటిలో ఎన్ని రకాల క్యాప్సూళ్లు ఆ టీకాలో ఉన్నాయో చెబుతుంది.