టెస్ట్ లేకుండా లైసెన్స్: ఫారం 5 వెనక ఉన్న కథ

ఆర్టీవో ఆఫీసులో టెస్ట్ అక్కర్లేదు, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ ఉంటే లైసెన్స్ వచ్చేస్తుంది. ఈ మెసేజ్ మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. కారు నేర్చుకోవాలనుకునేవాళ్ళు దీన్ని నమ్మి స్కూలు ఎంచుకుంటున్నారు. 2024 మేలో కూడా, జూన్ 1 నుంచి కొత్త రూల్ అంటూ ఇదే మాట దేశమంతా పాకింది. కేంద్ర రవాణా శాఖ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. జూన్ 1న మారేదేమీ లేదు, ఆ రూల్ 2021లోదే. టెస్ట్ మినహాయింపు గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లు ఇచ్చే ఫారం 5బి సర్టిఫికెట్‌కే. మామూలు స్కూళ్ళు ఇచ్చే ఫారం 5 ఉన్నా టెస్టుకు వెళ్ళాల్సిందే.

తేడా ఒక్క అక్షరమే. కానీ అదెందుకు వచ్చిందో 2021లో వెతికితే దొరకదు, 1989కి వెళ్ళాలి.

మోటారు వాహనాల చట్టం గురించి, ఎల్ బోర్డు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1989 నాటి కేంద్ర నియమాల్లో డ్రైవింగ్ స్కూళ్ళ భాగం మాత్రం చాలామంది చూసి ఉండరు. ఎంత వివరంగా రాశారో! ఇన్‌స్ట్రక్టర్ పదో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్ళు బండి నడిపిన అనుభవంతో పాటు మోటార్ మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ కూడా ఉండాలి. కారుకు డబుల్ కంట్రోల్, అంటే నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేక్ పెడల్స్, తప్పనిసరి. కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపిన సమయం పది గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట చొప్పున వేసుకుంటే లెక్క సరిపోతుంది. రూల్స్‌కు బయట లైసెన్స్ ఇప్పించగలమని నేర్చుకునేవాళ్ళను నమ్మించకూడదని 27వ రూల్ అప్పుడే స్పష్టంగా చెప్పింది.

ఇన్ని రాసినవాళ్ళు ఒక్కచోట పట్టు వదిలేశారు. కథంతా అక్కడే మలుపు తిరిగిందని నా నమ్మకం. లారీ, బస్సు లైసెన్సుకు స్కూలు సర్టిఫికెట్ తర్వాత తప్పనిసరి చేశారు. సొంత కారు నడుపుకునేవాళ్ళకు మాత్రం ఫారం 5 ఉంటే అప్లికేషన్‌కు జతచేయమన్నారు, అంతే. లేకపోయినా ఏమీ కాదు. ఆ పది గంటలు నిజంగా నడిపారా అని అడిగే అవసరం ఇక ఎవరికీ లేకపోయింది. నేర్చుకునేవాళ్ళకు కావాల్సింది కార్డు. స్కూళ్ళు దాన్నే ప్యాకేజీగా అమ్మడం మొదలుపెట్టాయి. ఎల్‌ఎల్‌ఆర్ వాళ్ళదే, స్లాట్ వాళ్ళదే, టెస్టుకు కారూ వాళ్ళదే. డ్రైవింగ్ నేర్పడం ఆ ప్యాకేజీలో ఒక భాగమై కూర్చుంది.

నేను నేర్చుకున్న కారులో నలుగురం ఎక్కేవాళ్ళం. ఒకరు నడుపుతుంటే ముగ్గురం వెనక సీట్లో కూర్చుని చూసేవాళ్ళం. అరగంటలో నా వంతు ఏడెనిమిది నిమిషాలు. సార్ కాలు ఎప్పుడూ ఎడమవైపు క్లచ్ మీదే ఉండేది. అన్ని రోజుల్లో నా చేతిలో బండి ఒక్కసారి కూడా ఆగిపోలేదు, నాకు వచ్చేసిందనుకున్నాను. అదే కారులో టెస్ట్ పాసయ్యాను. తర్వాత మొదటిసారి ఒంటరిగా వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్‌లో ఆగాల్సి వచ్చింది. బ్రేక్ మీంచి కాలు తీయగానే కారు వెనక్కి జారింది. కంగారులో క్లచ్ వదిలేశాను, ఇంజన్ ఆగిపోయింది. వెనక ఆటోకూ నా కారుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఎత్తు మీద క్లచ్ సగమే వదిలి, హాఫ్ క్లచ్‌తో బండిని ఎలా నిలబెట్టాలో నాకు తెలియదు. నా బదులు ఆ పని సార్ కాలు చేస్తూ వచ్చిందని ఆ రోజే తెలిసింది.

ఆనాడు వదిలేసిన పట్టును 2019 చట్ట సవరణ మరో చివరి నుంచి పట్టుకుంది. గుర్తింపు పొందిన కేంద్రంలో శిక్షణ పూర్తిచేస్తే లైసెన్సుకు అర్హులేనంది. 2021 జూన్ 7న నియమాలు వచ్చాయి, జూలై 1 నుంచి అమలయ్యాయి. కారు శిక్షణకు నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. కేంద్రానికి కనీసం ఎకరం స్థలం, భారీ వాహనాలకైతే రెండెకరాలు, సిమ్యులేటర్, టెస్ట్ ట్రాక్ ఉండాలి. టెస్టులోని కొద్ది నిమిషాల కన్నా గంటల తరబడి ఇచ్చే శిక్షణే నమ్మదగిందని దీని వెనక వాదన. అందులో న్యాయముంది.

చిన్న స్కూళ్ళవాళ్ళ మాట కూడా వినాలి. ఒకటి రెండు కార్లతో, చిన్న గదిలో ఆఫీసు పెట్టుకుని నడిపేవాళ్ళకు పట్టణంలో ఎకరం స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఇరవై ఏళ్ళుగా రోజూ ఎడమ సీట్లో కూర్చుని, కొత్తవాళ్ళ భయం చూస్తూ, రోడ్డు మీదే నేర్పిన మనిషి ఇచ్చే కాగితానికి విలువ లేదు, ట్రాక్ ఉన్నవాళ్ళ కాగితానికి ఉంది. అలాంటప్పుడు జనం ఎటు వెళ్తారో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది: ఆ కేంద్రాల్లో నేర్పేదీ వాళ్ళే, పాస్ చేసేదీ వాళ్ళే. ఆర్టీవో టెస్టులో ఎన్ని లోపాలున్నా, ఫీజు తీసుకున్నవాళ్ళు కాక బయటి మనిషి ఒకరు చూసేవారు.

2024 మేలోనే కేరళలో స్కూళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. అక్కడి ప్రభుత్వం టెస్ట్ పద్ధతిని కఠినం చేస్తూ, డబుల్ కంట్రోల్ కార్లను టెస్టుకు తేవద్దంది. పాత బండ్లనూ వద్దంది. సమ్మె తర్వాత చర్చల్లో డబుల్ కంట్రోల్ కార్లకు ఒప్పుకుంది, బండి వయసు పరిమితీ సడలించింది. నేర్పడానికి తప్పనిసరి అన్న పెడల్సే టెస్టులో అనుమానానికి కారణమయ్యాయి. స్కూళ్ళ కష్టం నాకు అర్థమవుతుంది, కానీ ఈ ఒక్క విషయంలో మొదటి ఆదేశమే సరైనదనిపిస్తుంది.

ఇప్పుడు స్కూలు వెతుకుతున్నవాళ్ళు ఫారం 5బి ఎవరిస్తారని అడుగుతున్నారు. ఫారం 15 చూపించమని అడిగేవాళ్ళు నాకు కనబడలేదు. నేర్చుకునే ఒక్కొక్కరి పేరిట స్కూలు విడిగా రాయాల్సిన రికార్డు అది. ఏ తేదీన, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా నడిపారు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ సంతకం, దాని పక్కన నేర్చుకున్నవాళ్ళ సంతకం. నా పేరు మీద ఆ పేజీ ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఆ సంతకం నాది కాదు.